నూట అరవై తొమ్మిదో భాగహారం

ఇరవై తొమ్మిదేళ్లు లెక్కల పాఠం చెప్పాను. మొవ్వ దగ్గర మొదలుపెట్టి గుడివాడ, బందరు, చల్లపల్లి చుట్టుపక్కల ఆరు ఉన్నత పాఠశాలల్లో పనిచేశాను. యాభై నాలుగో ఏట గొంతు మొరాయించింది. పాఠం చెప్పడం మానకపోతే మాట మొత్తానికే పోతుందని డాక్టరు తేల్చి చెప్పాడు. స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాను. ఇప్పుడు ఇంట్లోవాళ్లకు కూడా దగ్గరికొస్తేనే నా మాట వినబడుతుంది. అందుకని రాస్తున్నాను.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన లెక్కల టీచర్లు నలుగురు మా ఇంటికి వచ్చారు. మీ అనుభవంలోంచి మాకు పనికొచ్చేది ఏదైనా చెప్పమన్నారు. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత ఎలా తెప్పించాలో, ఇన్‌స్పెక్షన్ రోజున ఏ రిజిస్టరు పైన పెట్టాలో చెప్తాననుకున్నారేమో. అవి వాళ్లు ఆరు నెలల్లో వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారు. నేను రాసేది ఒక్క సంఖ్య గురించి. దాన్ని నాకంటే బాగా అర్థం చేసుకున్న ఒక టీచరు గురించి, ఆవిడ దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి గురించి. వాళ్లిద్దరికీ నేను అన్యాయం చేశాను. ఆ తప్పు నా పేరుతో అచ్చయి ఉంది. దాన్ని దిద్దడం కూడా ఈ రాతలో భాగమే.

తొంభై ఒకటి

మొవ్వ దగ్గర నా మొదటి బడిలో శేషగిరిరావు గారని హెడ్మాస్టరు ఉండేవారు. నేను చేరిన రెండో నెలలో ఆరో తరగతికి ప్రధాన సంఖ్యలు చెబుతుంటే వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఒకటితోను, తనతోను తప్ప మరి దేనితోను భాగించబడని సంఖ్య ప్రధాన సంఖ్య అని చెప్పి, వందలోపు ఉన్నవన్నీ పుస్తకం చూడకుండా బోర్డు మీద రాసుకుంటూ పోయాను. ఆయన చూస్తున్నారన్న ఉత్సాహంలో తొంభై ఒకటి కూడా రాసేశాను.

మూడో వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. "మాస్టారండీ, ఏడు పదమూళ్లు తొంభై ఒకటి కదండీ?"

క్లాసంతా నవ్వింది. తుడుద్దామని డస్టరు అందుకున్నాను. శేషగిరిరావు గారు లేచి వచ్చి డస్టరు నా చేతిలోంచి తీసుకున్నారు. బోర్డు కుడివైపు పైమూలన చిన్న గడి గీసి, అందులో "దిద్దినవారు" అని రాసి, ఆ అమ్మాయిని పిలిచి చాక్‌పీసు ఇచ్చారు. ఆమె తొంభై ఒకటిని కొట్టేసి, గడిలో తన పేరు రాసింది. సాయంత్రం దాకా ఆ గడిని ఎవరూ తుడవకూడదు. అది ఆ బడి పద్ధతి. ఆయన సొంత పాఠాల్లోనూ అంతే. ఇంగ్లీషు గ్రామరులో ఆయన్ని దిద్దిన పిల్లల పేర్లు వారానికొకటైనా ఆ మూలన కనబడేవి.

ఇలా చేస్తే పిల్లలకు మన మీద గౌరవం పోదా అని ఒకసారి స్టాఫ్‌రూములో అడిగాను. ఆయన టీ తాగుతూ, "తప్పు రాసినందుకు పోదయ్యా. తుడిచేసినందుకు పోతుంది" అన్నారు.

ఏడెనిమిదేళ్లు ఏ బడికి వెళ్లినా నా బోర్డు మూలన ఆ గడి ఉండేది. తర్వాత ఎప్పుడు మానేశానో గుర్తు లేదు. ఎందుకు మానేశానో మాత్రం తెలుసు. మెల్లగా నాకు ఒక పేరు వచ్చింది. చుట్టుపక్కల మండలాల్లో నన్ను ప్రైముల మాస్టారు అనేవాళ్లు. వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిది ఉన్నాయి. అవన్నీ నాకు కంఠతా వచ్చు. సభల్లో అప్పజెప్పించుకునేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు. తప్పు ఒప్పుకోవడం ఎవరికీ తెలియని కుర్ర మాస్టారుకు తేలిక. పేరు వచ్చినవాడికి అంత తేలిక కాదు. మీకూ ఏదో ఒక పేరు వస్తుంది, అప్పుడు చూసుకోండి.

వరండాలో మీటరు

పదిహేనేళ్ల కిందట గుడివాడలో జిల్లా బడులన్నిటికీ కలిపి ఒక గణిత మేళా పెట్టారు. చివరి పోటీకి ప్రశ్న తయారు చేసే పని, పేపర్లు దిద్దే పని నాకు అప్పగించారు. నేను పెట్టిన ప్రశ్న ఒక్కటే. ఒక పెద్ద సంఖ్య ఇస్తాం. దాని గురించి మీకు ఏమేం తెలిస్తే అవన్నీ గంటలో రాయండి. సరి సంఖ్యా, బేసి సంఖ్యా, దేనితో భాగించబడుతుంది, ఏ రకానికి చెందుతుంది, ఇలా.

ఇప్పటికీ అది మంచి ప్రశ్నే అనుకుంటాను. ఒక సంఖ్యను చూడటం మనిషిని పరిచయం చేసుకోవడం లాంటిది. అయితే నా మనసులో ఇంకో ఆలోచన కూడా ఉంది. ఆ సంఖ్య ప్రధాన సంఖ్య అయి ఉండాలి. పిల్లలు, వాళ్లను తీసుకొచ్చిన మాస్టర్లు గంటసేపు కారణాంకాల కోసం వెతికి అలసిపోవాలి. చివర్లో నేను లేచి, ఇది దేనికీ లొంగదు అని ప్రకటించాలి.

మొదట 10,00,001 తీసుకున్నాను. అది 101 దగ్గరే లొంగిపోయింది. ఇంకో రెండు మూడు చూశాను, నిలబడలేదు. అప్పుడు బందరులో మా ఇంటి వరండాలో కరెంటు మీటరు మీద ఉన్న నెంబరు కంటబడింది. 10,22,117. బేసి సంఖ్య. అంకెలు కూడితే పద్నాలుగు, కాబట్టి మూడుతో పోదు. ఏడుతోను, పదమూడుతోను శేషం అయిదే. పదకొండుతో ఎనిమిది. బాగుందనిపించింది. మూడు సాయంత్రాలు వరండాలో కూర్చుని, కాలిక్యులేటరుతో నా నూట అరవై ఎనిమిది ప్రధాన సంఖ్యలతోను భాగించాను. ప్రతి శేషమూ రాసుకున్నాను. చివరిది 997. దానికీ లొంగలేదు. కీ పేపరులో "ప్రధాన సంఖ్య" అని రాసి సంతకం పెట్టాను.

నా తప్పు అక్కడే ఉంది. ఒక సంఖ్య ప్రధానమో కాదో తేల్చాలంటే దాని వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. పది లక్షలకు వర్గమూలం వెయ్యి. 10,00,001తో మొదలుపెట్టినప్పుడు వెయ్యి దగ్గర ఆగడం సరైనదే. కానీ నేను సంఖ్యను మార్చి, హద్దును అలాగే ఉంచేశాను. 10,22,117కు వర్గమూలం వెయ్యిన్ని పదికి పైన, పదకొండుకు ఒక్క వెంట్రుక తక్కువ. ఆ కాస్త చోటులో ఇంకొక్క ప్రధాన సంఖ్య ఉంది. 1009. నా కంఠతా జాబితా దాని గుమ్మంలో ఆగిపోయింది. కంఠతా వచ్చినవాడు చేసే తప్పు ఇది. లెక్క ఎక్కడ పూర్తవుతుందో చూసుకోడు, తనకు వచ్చింది ఎక్కడ అయిపోతే అక్కడ పూర్తయిందనుకుంటాడు.

చెరువు మూల

నాగరత్నం టీచరు నాగాయలంక దాటాక సముద్రం వైపు ఉన్న ఒక పల్లెలో ప్రాథమికోన్నత పాఠశాలలో పనిచేసేవారు. ఆవిడది కూడా అక్కడి చేపల వేట కుటుంబమే. ఆవిడ ఉద్యోగం చిన్న తరగతులకు చెప్పే టీచరుది. లెక్కల పోస్టులో ఎవరూ లేకపోతే ఆరు, ఏడు తరగతుల లెక్కలు కూడా ఆవిడే చూసుకునేవారు. ఉన్నత పాఠశాలల్లో ఉన్న మాకు అలాంటివాళ్లంటే ఒక చిన్నచూపు ఉండేది. ఉండేదని ఒప్పుకోకపోతే ఇదంతా రాయడం దండగ.

ఆవిడ క్లాసులో ప్రతి పిల్లకూ ఒక నోటుబుక్కు ఉండేది. అట్ట మీద "సంఖ్యల జాతకాలు" అని రాసి ఉండేది. ప్రతి సోమవారం ఒక్కొక్కరు ఎక్కడో కనబడిన సంఖ్యను పట్టుకొచ్చేవారు. పడవ పక్కన రంగుతో రాసిన నెంబరు, బస్సు టికెట్టు మీద నెంబరు, గ్యాసు బండ మీద నెంబరు. దానికి జాతకం రాయాలి. తనను తప్పించి మిగతా భాజకాలన్నీ కూడితే దానికంటే తక్కువా, ఎక్కువా, సమానమా? రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? అన్నిటికంటే ముందు, దాని ఇరుగుపొరుగు ఎవరు, అంటే దగ్గర్లో ఉన్న వర్గ సంఖ్య ఏది?

ఇరుగుపొరుగుతో ఎందుకు మొదలుపెట్టించేవారంటే, ఆవిడ ఆ పిల్లలకు చెరువు లెక్క నేర్పారు. దివిసీమలో రొయ్యల చెరువులు చూడని పిల్లలు లేరు. నలుచదరంగా తవ్విన చెరువు, ఒక మూలన మోటారు షెడ్డు కోసం చిన్న చదరం వదిలేస్తారు. మిగిలిన చెరువును ఒకచోట కోసి, ఆ ముక్కను పక్కకు తిప్పి అతికిస్తే పొడుగాటి దీర్ఘచతురస్రం అవుతుంది. ఆవిడ కాగితం కత్తిరించి చూపించేవారు. పెద్ద చదరంలోంచి చిన్న చదరం పోతే మిగిలేది ఎప్పుడూ రెండు సంఖ్యల లబ్ధమే. మనం తొమ్మిదో తరగతిలో సూత్రంగా బట్టీ పట్టించేది అదే. ఆ పిల్లలకు అది కళ్లకు కనబడే చెరువు.

ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజుకు నాకు తెలిసిందల్లా, తొలి బస్సులో ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన ఒక టీచరు, ఆ ముగ్గురిలో ఏడో తరగతి చదివే పావని అనే అమ్మాయి.

గంట సమయం ఇచ్చాను. పావని పావుగంటలో కలం మూసేసి చేతులు కట్టుకుని కూర్చుంది. నేను వెళ్లి, ఇంకా టైముంది, చూసుకో అన్నాను. "అయిపోయిందండీ" అంది.

ఆ అమ్మాయి పేపరు మీద ఒక చదరం బొమ్మ ఉంది. ఒక మూల చిన్నగా నలుపు పూసి ఉంది. పెద్ద భుజం పక్కన 1011 అని, చిన్న భుజం పక్కన 2 అని రాసి ఉంది. కింద ఒకే ఒక్క వరస: 1009 × 1013. ఆ కింద భాజకాల మొత్తం, ఇంకేవో నాలుగు వాక్యాలు. నేను కీ చూశాను. ప్రధాన సంఖ్య. ఎర్ర పెన్నుతో ఇంటూ పెట్టాను.

ఆ రెండిటినీ నేను గుణించలేదు. రెండు నిమిషాల పని. చేతిలో కాలిక్యులేటరు కూడా ఉంది.

ఫలితాలు చదివాక నాగరత్నం టీచరు నా బల్ల దగ్గరికి వచ్చారు. గొంతు పెంచలేదు.

"మాస్టారూ, మా పావనిది ఒక్కసారి గుణించి చూస్తారా?"

"నూట అరవై ఎనిమిది ప్రైములతో భాగించి చూశానమ్మా. మూడు రోజులు పట్టింది. మీ పిల్ల బొమ్మ గీసింది."

"బొమ్మ కాదండీ, చెరువు. వెయ్యిన్ని పదకొండు వర్గంలోంచి నాలుగు పోతే ఈ సంఖ్యే వస్తుందండీ."

"పెద్ద క్లాసుల లెక్కలు చిన్న క్లాసుల్లో మొదలుపెడితే ఇలాగే ఉంటుంది" అన్నాను.

పరిశీలకుడిగా వచ్చిన ఒక అధికారి పక్కనే ఉన్నారు. ఏమిటా సంగతి అని నన్నే అడిగారు. సిలబసు వదిలేసి చిట్కాలు నేర్పిస్తున్నారు, ప్రైమును కూడా ప్రైము కాదంటున్నారు పిల్లలు అని చెప్పాను. నా మాటంటే ఆయనకు గురి. ఆయన ఆవిడ వైపు తిరిగి, జాతకాల పుస్తకాలేవో రాయిస్తున్నారని ఇదివరకే తన చెవిన పడిందని, అవి ఆపి పాఠ్యపుస్తకం చూసుకోమని అన్నారు. ఆవిడ కాసేపు నా చేతిలోని కాలిక్యులేటరు వైపు చూసి, "సరేనండీ" అని పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయారు.

గుడ్లవల్లేరు స్టాపు

సాయంత్రం బందరు బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఆవిడ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. వెయ్యిన్ని పదకొండు వర్గం. అది నోటిలెక్కే. పది లక్షలు, ఇరవై రెండు వేలు, నూట ఇరవై ఒకటి. అందులోంచి నాలుగు తీసేశాను. మీటరు నెంబరే వచ్చింది. నమ్మలేక టికెట్టు వెనక 1009ని 1013తో గుణించాను. మళ్లీ గుణించాను. గుడ్లవల్లేరు వచ్చేసరికి నాకు తెలిసిపోయింది.

అక్కడ బస్సు చాలాసేపు ఆగింది. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు గుంపుగా ఎక్కారు. ఎదురుగా గుడివాడ వెళ్లే బస్సు నిలబడి ఉంది. దిగి అందులో ఎక్కితే అరగంటలో మేళా జరిగిన చోట ఉండేవాణ్ణి. నిర్వాహకులు ఇంకా అక్కడే ఉంటారు. ఫలితం మార్చవచ్చు, ఆ అధికారితో ఫోనులో ఒక్క మాట చెప్పవచ్చు. ఇదంతా ఆ రోజే ఆలోచించాను, ఇప్పుడు రాయడం కోసం కాదు. కానీ లేవలేదు. ఆ బస్సు వెళ్లిపోయింది, తర్వాత మాదీ కదిలింది.

వారం తర్వాత బడికి ఒక పోస్టుకార్డు వచ్చింది. నాగాయలంక ముద్ర. పలకరింపు లేదు, సంతకం లేదు. 1009 కింద 1013 వేసి, గీత గీసి, వరసలు వరసలుగా చేసిన గుణకారం. చివర 10,22,117. అంతే. అప్పటికి మేళా ప్రత్యేక సంచిక ఇంకా అచ్చుకు వెళ్లలేదు. అందులో ఈ సంఖ్య మీద నా వ్యాసం ఉంది. కార్డును ప్రైముల జాబితా ఉన్న పుస్తకంలో పెట్టి మూసేశాను. సంచిక వచ్చింది. "దేనికీ లొంగని సంఖ్య" అనే శీర్షిక కింద నా పేరు, నా ఫోటో.

ఆ తర్వాత మా వరండా నాకు ఇబ్బందయింది. మీటరు మీద క్యాలెండరు తగిలించాను. రీడింగు తీయడానికి వచ్చే ఆయన ప్రతి నెలా దాన్ని ఎత్తి, చూసి, మళ్లీ వదిలేసి వెళ్లేవాడు. "ఈ గోడ మీద ఇంకెక్కడా మేకు లేదాండీ?" అని నా భార్యను అడిగాడట. ఆవిడ నన్ను అడిగింది. నేను పేపరు చదువుతున్నట్టు ఉండిపోయాను.

హాల్ టికెట్ వెనక

నా సర్వీసులో ఆఖరి ఏడాది పదో తరగతి పరీక్షలకు అవనిగడ్డలో ఇన్విజిలేటరుగా వేశారు. మొదటి రోజు హాల్ టికెట్లు తనిఖీ చేస్తుంటే ఒక అమ్మాయి టికెట్టు వెనక పెన్సిలుతో సన్నటి రాత కనబడింది. స్లిప్పు అనుకుని తిప్పి చదివాను. అది ఆ అమ్మాయి హాల్ టికెట్ నెంబరు గురించి. బేసి, తొమ్మిదితో పోతుంది, దగ్గర్లో వర్గం ఫలానా, ఎంత దూరం. కింద ఒక చదరం బొమ్మ, మూలన నలుపు.

ఎవరు రాశారమ్మా అని అడిగాను.

"నాగాయలంకలో నెట్ షాపు అక్కండీ. అందరికీ రాసిస్తదండీ. నాది మంచి నెంబరన్నది, భయపడొద్దన్నది."

రాత ఉన్న టికెట్టుతో పరీక్ష రాయనివ్వకూడదు. రబ్బరు అడిగి తీసుకుని నేనే చెరిపాను. చెరిపే ముందు నా కాగితం మీద ఎక్కించుకున్నాను. ఆ మూడు గంటలూ హాల్లో తిరుగుతూనే ఉన్నాను. ఆపించిన నోటుబుక్కు ఆగలేదు. ఇన్నేళ్ల తర్వాత హాల్ టికెట్ల వెనక నడుస్తూనే ఉంది.

అయినా వెంటనే వెళ్లలేదు. పదవీ విరమణ అయ్యాక, మాట సగం పోయాక, ఒక ఉదయం నాగాయలంక వెళ్లాను. బస్టాండుకు దగ్గర్లో జిరాక్సు, ప్రింటు, ఆన్‌లైను అప్లికేషన్లు అని బోర్డున్న షాపు. కౌంటరు వెనక పావని. ఇద్దరు కస్టమర్లను పంపించి నా వైపు చూసి, "కళ్లజోడు మార్చారండీ మాస్టారు గారూ. అప్పుడు నల్ల ఫ్రేము" అంది.

నీ లెక్క కరెక్టమ్మా అన్నాను. ప్రింటరు మోతలో వినబడలేదు. "ఏంటండీ?" అంటూ ముందుకు వంగింది. మళ్లీ చెప్పాను. ఈసారీ అందలేదు. ఆమె లేచి ప్రింటరు ఆపేసింది. మూడోసారి చెప్పాను.

"అది నాకు తెలుసు కదండీ" అంది. "ఆ రోజు బస్సులోనే గుణించుకున్నాను. పెద్ద మాస్టార్లు గుణించరు కాబోలనుకున్నాను."

నవ్వుతూనే అంది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఎంతో నేను కొలవలేకపోయాను. తర్వాత బల్ల కిందినుంచి అట్ట నలిగిపోయిన నోటుబుక్కు తీసింది. టీచరుగారు అందరి పుస్తకాలూ వెనక్కి తీసుకున్నప్పుడు తనది వానకు తడిసిపోయిందని అబద్ధం చెప్పిందట.

అందులో 10,22,117కు ఏడు పేజీలు ఉన్నాయి. ఏడో తరగతి గుండ్రటి రాతతో మొదలై, ఇంటరు నాటి రాత, డిగ్రీ నాటి రాత. సరిగ్గా రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం, కాబట్టి సెమీప్రైము. ఏ కారణాంకమూ రెండుసార్లు రాదు. తనను తప్పించి మిగతా భాజకాలు ఒకటి, 1009, 1013 కలిపితే 2023 మాత్రమే, కాబట్టి ఇది లోటు సంఖ్యల్లో చేరుతుంది. ఇవి నాకూ తెలిసేవే. తర్వాతి పేజీ దగ్గర ఆగిపోయాను. 974 వర్గం, 271 వర్గం కూడితే ఈ సంఖ్య వస్తుంది. 961 వర్గం, 314 వర్గం కూడినా ఇదే వస్తుంది. కింద ఆమె రాసుకున్న వాక్యం: "ప్రధాన సంఖ్యకు ఇలాంటి జత ఒకటి దాటి ఉండదు. దీనికి రెండున్నాయి. ఇది ప్రధాన సంఖ్య కాదనడానికి భాగించక్కర్లేదు, ఇదొక్కటి చాలు." పక్కన ఇంకో చిన్న రాత: "961 కూడా వర్గమే. 31 వర్గం!"

నేను ఈ సంఖ్యను నూట అరవై ఎనిమిది సార్లు భాగించాను. ఒక్కసారీ చూడలేదు. ఆమె పదిహేనేళ్లుగా చూస్తూనే ఉంది. అంతకాలం దేన్నైనా అలా చూడగలిగిన మనిషి పక్కన నిలబడితే సిగ్గు, సంతోషం రెండూ కలుగుతాయని నాకు అప్పుడే తెలిసింది.

క్షమాపణ లాంటిదేదో మొదలుపెట్టాను. పావని మధ్యలోనే ఆపింది.

"నాకేం కాలేదండీ. ప్రైజు పోతే పోయింది. పుస్తకాలు మాన్పించాల్సి వచ్చిందన్న బాధతో టీచరుగారే చాలా రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. వచ్చే నెల రిటైరవుతున్నారు. ఆవిడకి చెప్పండి. షాపులో కాదండీ, బడిలో చెప్పండి."

దిద్దినవారు

ఆ మేళా సంచిక వేసినవాళ్లకు ఉత్తరం రాశాను. ఆ సంఘం ఇప్పుడు లేదని తెలిసింది. కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. ఆ సంచిక ఎవరి బడి లైబ్రరీలోనైనా ఉంటే నా వ్యాసం ఉన్న పేజీ తీసి, శీర్షిక కొట్టేయండి. ఆ సంఖ్య 1009కి, 1013కి లొంగుతుంది. లొంగదన్నది నేను.

నాగరత్నం టీచరు బడికి పావనితో కలిసి వెళ్లాను. ఏడో తరగతిలో ఇరవై మందికి పైగా ఉన్నారు. టీచరు జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి లేచి కుర్చీ చూపించారు. పోస్టుకార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని చూశారు గానీ ముట్టుకోలేదు.

నా గొంతు వెనక బెంచీలదాకా వెళ్లదు. బోర్డు మీద రాశాను. 10,22,117. పక్కన, ప్రధాన సంఖ్య. ఇది నేను పదిహేనేళ్ల కిందట చెప్పింది అని కింద రాసి, "ప్రధాన సంఖ్య" అన్న మాటను అడ్డంగా కొట్టేశాను. 1009 × 1013 అని రాశాను. అప్పుడు కుడివైపు పైమూలకు వెళ్లి ఒక గడి గీశాను. ఇరవై ఏళ్ల తర్వాత గీసిన గడి, గీత వంకరగా వచ్చింది. అందులో రాశాను. దిద్దినవారు: పావని, ఏడో తరగతి.

పావని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ గడి సంగతి ఆమెకు తెలియదు, అయినా అర్థమైంది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

నాగరత్నం టీచరు బోర్డు మీద రాసిందంతా చదివారు. ఏదో ఒక మంచి మాట అంటారని ఎదురుచూశాను, దాచుకోను. ఆవిడ పిల్లల వైపు తిరిగారు.

"మాస్టారు పెద్దవాళ్లు. అంత దూరం నుంచి వచ్చి చెప్పారు. అలాగని నమ్మేయమాకండి. పుస్తకాలు తీసి గుణించండి."

పుస్తకాలు తెరుచుకున్న చప్పుడు, ఆ తర్వాత పెన్సిళ్ల చప్పుడు. ఒక్కరు కూడా నా వైపు చూడలేదు. ఆవిడ సొరుగులోంచి ఒక తెల్ల కాగితం, పెన్సిలు తీసి నా ముందు పెట్టారు.

"మీరూ చేయండి మాస్టారూ."

వెనక బెంచీలో చోటుంది. వెళ్లి కూర్చున్నాను. 1009 వేసి, కింద 1013 వేసి, గీత గీశాను. తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు. ఏడు వేసి, రెండు చేతిలో ఉంచుకున్నాను.